మేఘ్‌వీర్ తల్లి ఏమైంది

జమునాబాయి కోడలిగా బాన్సువాడకు వచ్చేనాటికి ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. జుక్కల్ దాటి ఇంకా ముందుకు పోతే, మహారాష్ట్ర పొలిమేరను ఆనుకుని ఉంటుంది ఆమె పుట్టిన ఊరు. ఇంట్లో మరాఠీ, చేన్లో తెలుగు, సంతకు పోతే ఉర్దూ. ఊళ్లో ఉన్న ఒక్క బడీ మరాఠీ బడి. అందులో ఏడో తరగతి దాకా చదివింది. చదువంటే ప్రాణమున్న పిల్ల. బెల్లం చుట్టి తెచ్చిన కాగితాన్నైనా సరే, విప్పి, మడతలు సాపు చేసి, ఆసాంతం చదివాకే పొయ్యిలో వేసేది.

తొంభై ఒకటిలో వెంకట్రాములుతో పెళ్లయింది. అతను బాన్సువాడలో ఒక రైసుమిల్లులో హమాలీ. మంచివాడు, మాట తక్కువ. పొద్దున పోతే వడ్ల దుమ్ముతో తెల్లబడి సాయంత్రం వచ్చేవాడు. ఊరు జమునకు నచ్చింది గానీ ఒక్కటే వెలితి. దుకాణాల మీది బోర్డులన్నీ తెలుగులో ఉండేవి, లేకపోతే ఉర్దూలో. రెండూ ఆమెకు రానివే. ఏ బస్సు ఎటు పోతుందో కూడా పక్కవాళ్లను అడిగి ఎక్కాల్సి వచ్చేది. చదువుకున్న తనకు ఈ ఊళ్లో చదువు లేకుండా పోయిందని లోలోపల చిన్నబోయేది.

బీడీలు చుట్టటం ఆమెకు పోసవ్వ నేర్పింది. పోసవ్వది ఆ వాడకట్టులో చివరి ఇల్లు. బావి పూడిక తీస్తుంటే ఒడ్డు కూలి ఆమె భర్త చనిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. పొడవాటి అరుగు ఉండేది ఆ ఇంటికి. పొద్దెక్కాక ఆ అరుగు మీదికి ఆడవాళ్లు ఒక్కొక్కరే చాటలు పట్టుకుని వచ్చి చేరేవాళ్లు. రాత్రి నానబెట్టి గోనెసంచిలో చుట్టిన తునికాకును కొలతకు కత్తిరించటం, అందులో చిటికెడు తంబాకు పోసి చుట్టటం, దారం వేయటం, మూతి మలవటం. మొదట్లో జమున చుట్టిన బీడీలను కార్ఖానా వాళ్లు సగానికి సగం పక్కన పారేసేవాళ్లు. పోసవ్వ విసుక్కోకుండా ఆమె వేళ్లను తన వేళ్లతో పట్టుకుని తిప్పి చూపించేది. ఏడాది తిరిగేసరికి జమున చేతులు కూడా చూపుతో పని లేకుండా చుట్టేయటం మొదలుపెట్టాయి.

ఒకరోజు కార్ఖానాకు బీడీలు అప్పజెప్పి తిరిగి వస్తూ, బస్టాండు పక్కన ప్రకాష్ దుకాణం ముందు ఆగింది. ప్రకాష్ పుస్తకాలు కిరాయికి ఇచ్చేవాడు. లోపల తెలుగు నవలలు, వారపత్రికలు ఉండేవి. బయట ఒక తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు, బొమ్మల పుస్తకాలు వేలాడేసేవాడు. నిజామాబాద్ నుంచి మూటల్లో తెచ్చుకున్న హిందీ కామిక్స్ అవి. ఆ రోజు గాలికి ఒక పుస్తకం అట్ట ఇటు తిరిగింది. మబ్బు మీద నిలబడ్డ మనిషి బొమ్మ, అతని నోటి పక్కన తెల్లటి బుడగ, బుడగలో నాలుగు అక్షరాలు. ఆ అక్షరాలు తనకు వచ్చినవే. మరాఠీకీ హిందీకీ లిపి ఒకటే కదా. జమున నిలబడ్డచోటే పెదవులు కదుపుతూ చదువుకుంది. ఆమె అట్లా ఎంతసేపు నిలబడిందో గానీ ప్రకాష్ బయటికి వచ్చి, అక్కా, నీకు హిందీ చదవనొస్తదా అని అడిగాడు. వస్తదని చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం పలికింది. పెళ్లయ్యాక ఎవరూ ఆమెను అడగని ప్రశ్న అది.

ఆ పుస్తకం పేరు మేఘ్‌వీర్.

మర్నాడు అరుగు మీద చాట పక్కన ఆ పుస్తకం చూసి బుజ్జమ్మ నవ్వింది. బుజ్జమ్మది పక్క ఇల్లే. చిన్నపిల్లల పుస్తకమని ఎగతాళి చేసింది. ఆమె ఆడబిడ్డ సంగీత మాత్రం చేతిలోకి తీసుకుని బొమ్మలు చూసి, కథ ఏందో చెప్పమని పట్టుబట్టింది. సంగీత పదో తరగతి తప్పి ఇంట్లో ఉంటోంది, పద్దెనిమిదేళ్లుంటాయి. జమున ఒక్కో బుడగా హిందీలో చదివి, దాన్ని తన మరాఠీ యాస తెలుగులో చెప్పటం మొదలుపెట్టింది. పేజీ తిప్పే ముందు పుస్తకం అందరికీ కనిపించేట్టు ఎత్తి చూపేది.

కథ ఇది. నీరజ్ అనే కుర్రాడు వానలు కొలిచే ఆఫీసులో పని చేస్తాడు. పిడుగుపాటుకు గురై, చావకుండా బతికి, మబ్బుల మీద నడిచే శక్తి తెచ్చుకుంటాడు. ముసుగు వేసుకుని మేఘ్‌వీర్ అవుతాడు. అదంతా సరే. అరుగు మీద కూర్చున్నవాళ్లకు అతనికన్నా అతని తల్లి ఎక్కువ నచ్చింది. ఆమెకు కళ్లు కనపడవు. ఇంట్లో కూర్చుని అప్పడాలు చేసి దుకాణాలకు వేస్తుంది. పుస్తకంలో ఆమెకు పేరు లేదు. కొడుకు 'మా' అని పిలుస్తాడు, అంతే. జమున మరాఠీలో తల్లిని పిలిచే అలవాటు కొద్దీ దాన్ని 'ఆయి' అని చదివింది. అరుగు మీద వాళ్లు అదే ఆమె పేరనుకున్నారు. ఆయమ్మ ఏం చేస్తుంది, ఆయమ్మ తిన్నదా అని అడిగేవాళ్లు.

ఆయమ్మ భర్త ఆనకట్ట తెగిన వరదలో కొట్టుకుపోయాడు. ఆ వరద తెచ్చింది మేఘ్‌వీరేనని ఊరంతా నమ్ముతుంది. ఆయమ్మ కూడా నమ్ముతుంది. అప్పడాల పీట ముందు కూర్చుని, పిండి ఒత్తుతూ, రోజూ మేఘ్‌వీర్‌ను శపిస్తుంది. ఆ శాపాలు వింటూ ఎదురుగా కొడుకు అన్నం తింటూ ఉంటాడు. నిజం చెప్పలేడు. ఆ పేజీ చదివిన రోజు పోసవ్వ చుట్టటం ఆపేసి, ఆ బొమ్మను దగ్గరికి తెప్పించుకుని చూసింది. ఆయమ్మ కూర్చున్న తీరు అచ్చం తాము కూర్చున్నట్టే ఉందని అంది.

చదివేటప్పుడు జమున చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి ఆమె పని వెనకబడేది. అది గమనించి మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేసేవాళ్లు. ఎవరూ ఎవరికీ చెప్పింది కాదు, అట్లా అలవాటైపోయింది. పుస్తకాలు తిరిగి ఇస్తే ప్రకాష్ ముక్కు దగ్గర పెట్టుకుని, తంబాకు వాసన కొడుతున్నాయని గునిసేవాడు. అయినా జమున కోసమే నెలనెలా కొత్త మేఘ్‌వీర్ తెప్పించేవాడు. కథ ఒక నెలలో ఆగిన చోట మళ్లీ నెల మొదలయ్యేది. మధ్యలో అరుగు మీద ఊహలు నడిచేవి. వడ్ల కోతలప్పుడు కూలికి పోయినవాళ్లు కూడా, పుస్తకం వచ్చిందంటే ఆ మధ్యాహ్నం చూసుకుని వచ్చేవాళ్లు. వెంకట్రాములు కూడా అన్నం తింటూ, ఏమాయె మీ మబ్బులోని ముచ్చట అని అడిగేవాడు. అతను మామూలుగా ఏదీ అడిగే మనిషి కాదు.

అట్లా మూడేళ్లు గడిచాయి. తొంభై ఏడు హోళీ ముందర వచ్చిన సంచికలో కథ అంచుకు చేరింది. ఆయమ్మ ఇల్లు కూలింది. మేఘ్‌వీర్ ఆమెను చేతుల మీద దవాఖానకు తెచ్చాడు. ముసుగు తీయకుండానే మంచం పక్కన కూర్చున్నాడు. ఆమెకు తెలివి వచ్చింది. గాలిలో తడుముతున్న ఆమె చెయ్యి అతని నోటి కింద ముసుగు మూయని గదవకు తగిలింది. అక్కడ చిన్నప్పుడు పెనం అంటుకుని కాలిన మచ్చ ఉంది. వేళ్లు ఆ మచ్చ మీద ఆగాయి. "ఈ మచ్చ..." అని ఆమె నోట్లో ఒక్క మాట. పుస్తకం అక్కడితో అయిపోయింది.

ఆ నెల అరుగు మీద వేరే మాట లేదు. ఆయమ్మ ఏమంటది అన్నదే మాట. తల్లి కదా, క్షమిస్తుందని సంగీత. రెండు చెంపలూ వాయించాలని బుజ్జమ్మ. పోసవ్వ ఎటూ చెప్పలేదు. పుస్తకం రానీయండి అనేది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద మేఘ్‌వీర్ ఒక్కడే లేడు. గుంపుగా వీరులున్నారు, ఒకడికి చేప తల, ఒకడికి నాలుగు చేతులు, ఒకామెకు ఒళ్లంతా మంటలు. పైన ఎర్ర అక్షరాల్లో సప్తలోక్ సంగ్రామ్ అని ఉంది. జమున చదవసాగింది. మొదటి పేజీలో దవాఖాన. రెండో పేజీలో ఆకాశానికి చిల్లు పడి, కిటికీలోంచి ఒక నీలం మనిషి తల దూర్చి, ఏడు లోకాలూ ప్రమాదంలో ఉన్నాయి, వెంటనే రా అన్నాడు. మేఘ్‌వీర్ లేచి, అమ్మా ఇప్పుడే వస్తా అని కిటికీలోంచి ఎగిరిపోయాడు. ఆ పేజీ అడుగున ఆయమ్మ బొమ్మ ఉంది. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. తర్వాత అంతా యుద్ధమే.

జమున చివరిదాకా చదివి ఆగింది.

"ఇంట్ల తల్లి దవాఖానల పడి ఉంటే, ఊరోళ్ల పంచాయితీకి పోయిండా?" అంది పోసవ్వ.

ఆ పుస్తకం చివరి పేజీలో, మిగతా కథ ఫలానా వీరుడి సంచికలో చదవండి అని రాసి ఉంది. ఆ వీరుడి పుస్తకం ప్రకాష్ దగ్గర లేదు. అతను నిజామాబాద్ పోయినప్పుడు వెతికి తెచ్చాడు. దాని చివర ఇంకొక వీరుడి పేరు. ఆ కంపెనీకి ఎందరు వీరులున్నారో అందరి పుస్తకాల్లోకీ ఈ యుద్ధం పాకిపోయింది. కొన్ని దొరికేవి, కొన్ని దొరికేవి కావు. ఒక పుస్తకంలో చనిపోయినవాడు తర్వాత దొరికిన దాంట్లో కత్తి తిప్పుతూ కనిపించేవాడు. ముందుదేదో వెనకదేదో తెలిసేది కాదు. హిందీ కూడా జమునకు అందనిదైపోయింది. లోకాలు ఒకదానిలోకి ఒకటి జారటం, కాలం వెనక్కి తిరగటం, వీటికి మాటలు ఆమె మరాఠీలోనూ లేవు, తెలుగులోనూ లేవు. పేజీ తిప్పే ముందు తానే రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చేది.

చేప తలోడు మనోడా, వాళ్లోడా అని బుజ్జమ్మ ప్రతిసారీ అడిగేది. మనోడే అని జమున చెప్పిన మరుసటి పుస్తకంలో వాడు అటువైపు చేరాడు. ఇగ నాకు చెప్పకు అని బుజ్జమ్మ తన చాట మీదికి వంగింది. సంగీతకు మాత్రం ఆ సంగ్రామం నచ్చింది. అంతమంది వీరులు ఒక్కచోట చేరటం పెండ్లి బరాత్ చూసినట్టుందని అనేది. మంటల ఆడది వచ్చిన పుస్తకాన్ని ప్రకాష్‌కు తిరిగి ఇవ్వబుద్ధి కాక రెండు రోజులు ఆలస్యం చేయించింది. పోసవ్వ మాత్రం ఓపికగా వినేది. విని, చివర్లో ఒక్కటే అడిగేది. దవాఖాన ముచ్చట ఏమన్న ఉన్నదా? లేదవ్వా అని జమున చెప్పేది. కథ రాసినవాళ్ల తరఫున తానే తలవంచుకున్నట్టుండేది ఆమెకు.

వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి. అరుగు మీద జనం పలచబడ్డారు. బతుకమ్మ పండుగ వెళ్లాక సంగ్రామం ముగిసిందని, కొత్త మేఘ్‌వీర్ వచ్చిందని ప్రకాష్ కబురు చేశాడు. జమున ఇంటిదాకా ఆగలేక దుకాణం దగ్గరే నిలబడి తెరిచింది.

మేఘ్‌వీర్‌కు కొత్త బట్టలు వేశారు. ముసుగు రంగు మారింది. మొదటి పేజీ మూలన చిన్న గడిలో నాలుగు వాక్యాలున్నాయి. సంగ్రామంలో ఏడు లోకాలు విరిగి మళ్లీ ఒక్కటిగా అతుక్కున్నాయట. ఈ కొత్త లోకంలో నీరజ్ అనాథ, ఆశ్రమంలో పెరిగినవాడట. జమున పుస్తకం చివరిదాకా తిరగేసింది. అప్పడాల పీట లేదు, మంచం లేదు, ముసలమ్మ లేదు. గదవ మీద మచ్చ కూడా తీసేశారు.

ప్రకాష్ ఆమె మొహం చూసి, కంపెనీవాళ్లు అంతే అక్కా అన్నాడు. ఒకడి పుస్తకం చదివేటోడు అందరి పుస్తకాలూ కొనాలని అందర్నీ ఒక్కచోట కలుపుతారని, తర్వాత కొత్తవాళ్లకు సులువుగా ఉండాలని కథ మొదటికి తెస్తారని, తనకు నిజామాబాద్ ఏజెంటు చెప్పాడని అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. అయినా జమునకు ఇంటికి పోయేదాకా ఏదో పారేసుకున్నట్టే ఉంది.

మర్నాడు ఆమె అరుగు మీద పుస్తకం తెరవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొత్త కథలో మేఘ్‌వీర్‌కు తల్లి లేదని చెప్పింది.

"సచ్చిపోయిందా?" అంది పోసవ్వ.

"సావలే అవ్వా. అసలు లేనే లేదంట. పుట్టినకాడి నుంచే లేదంట."

పోసవ్వ చేతిలో బీడీ సగం చుట్టి ఆగింది. "మరి గిన్నేండ్లు అప్పడాలు చేసిందెవరు?"

జమున తెరవని పుస్తకాన్ని చాట కిందికి తోసింది.

కంపెనీకి ఉత్తరం రాద్దామన్నది సంగీత. పుస్తకం వెనక ఢిల్లీ చిరునామా ఉంది. జమున పోస్టుకార్డు మీద, తనకు వచ్చిన హిందీలో, మేఘ్‌వీర్ తల్లి ఏమైందో దయచేసి తెలపగలరు, మేము బాన్సువాడలో చాలామంది ఎదురుచూస్తున్నాము అని రాసింది. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. అచ్చు కార్డు. మీ అభిమానమే మా బలం అని ఒక వాక్యం, దాంతోపాటు కొత్త బట్టల్లో మేఘ్‌వీర్ అంటింపు బొమ్మ. సంగీత దాన్ని తన ట్రంకుపెట్టె మీద అంటించుకుంది. బుజ్జమ్మ పడీపడీ నవ్వింది. నవ్వు తగ్గాక, కనీసం అడిగింది చదివినా బాగుండు అంది.

ఆ తర్వాత అరుగు మీద పుస్తకాలు ఆగిపోయాయి. పని పనిగా సాగింది. కత్తెరల చప్పుడు, దారం తెంపే చప్పుడు. ఎవరింటి ముచ్చట వాళ్లు చెప్పుకున్నా, అది తొందరగా అయిపోయేది. జమున పుస్తకం పట్టకపోయేసరికి ఆమె చాట త్వరగా నిండేది. ఆమెకు అది సంతోషమేమీ ఇవ్వలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం పోసవ్వ తల ఎత్తకుండానే అంది.

"జమునా, నువ్వు చెప్పు బిడ్డా. ఆయమ్మ ఏమన్నది?"

జమున తెల్లబోయింది. "నాకేం తెల్సు అవ్వా. రాసింది చదివేదాన్ని గద నేను."

"రాసినోడు మర్సిపాయె. యాదికున్నోళ్లమే చెప్పుకోవాలె గద ఇగ."

మిగతావాళ్లు ఆమె వైపు చూశారు. జమున ఆకులోకి తంబాకు పోసి, చుట్టి, దారం వేసి, ఇంకొక ఆకు తీసుకుంది. కథ చెబుతూ బీడీలు చుట్టటం ఆమెకు అదే మొదలు. చేతిలో పుస్తకం లేదు. ఎదురుగా బొమ్మ లేదు. గొంతు సవరించుకుని దవాఖాన దగ్గరికి పోయింది. ఆయమ్మ చెయ్యి మచ్చ మీద ఉంది. కిటికీలోంచి నీలం మనిషి వచ్చి పిలిచాడు. జమున అక్కడ దారం తెంపి, మేఘ్‌వీర్ లేవలేదు అని చెప్పింది. ఏడు లోకాలుంటే ఉండనీ, నేను రాను, మా అమ్మ లేచింది అన్నాడని చెప్పింది. బుజ్జమ్మ, గట్లన్నడా అంటూ చాట పక్కకు జరిపి దగ్గరికి వచ్చింది.

ఇగ కొడతదా అని బుజ్జమ్మ ఆశగా అడిగింది. అమ్మకు ముందే తెలుసేమో, తెలిసే తిట్టేదేమో, కొడుకు విననీ అని తిట్టేదేమో అంది సంగీత. జమున తల అడ్డంగా ఊపింది. ఆమెకు ఆ గది కనిపిస్తోంది. కనిపిస్తున్నది చెప్పటమే.

"ఆయి శానాసేపు ఏం అనలే. చెయ్యి తీయలే. ఇగ అడిగింది. మీ నాయిన కొట్టుకపోయేటప్పుడు నువ్వు ఆడ ఉన్నవా అని. ఉన్నా అమ్మా అన్నడు. నాయిన చెయ్యి పట్టుకున్నా, ఆఖరుదాకా పట్టుకున్నా, నీళ్లే ఎక్కువున్నయ్ అన్నడు. గప్పుడు ఆయి అన్నది..."

జమున ఆగింది. ఏమన్నదో ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"అయితే ఆయన ఒక్కడే పోలేదన్నమాట, అన్నది."

పోసవ్వ చాట పక్కన పెట్టి లేచి, మంచినీళ్లకని ఇంట్లోకి పోయింది. చాలాసేపటిదాకా రాలేదు. సంగీత లోపలికి పోబోతే బుజ్జమ్మ కొంగు పట్టి ఆపింది. పోసవ్వ తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది. కూర్చుని, చాట ఒళ్లోకి తీసుకుని, తర్వాత చెప్పుమంది.

ఆ తర్వాత చాలా కాలం జమునే చెప్పింది. నెలంతా ఆగే పని లేకుండా పోయింది. కథ ఎటు పోవాలో అరుగు మీదే తేలేది. ఆయమ్మ దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. కొడుకు మబ్బుల మీద పోయి వస్తే తలుపు దగ్గర కూర్చుని, చెప్పులు తడిసినయ్, బయట విడువు అనేది. అప్పడాలకు రేటు తగ్గించిన దుకాణదారుతో తగువు పడింది. ఆ తగువు అల్లింది బుజ్జమ్మ. నిజానికి అది కార్ఖానాలో బీడీలు ఏరి పారేసే గుమస్తాతో ఆమె పడదామనుకుని పడని తగువు. సంగీత బలవంతం మీద మంటల ఆడమనిషి కూడా ఒకసారి వాళ్లింటికి చుట్టపుచూపుగా వచ్చింది. ఆయమ్మ ఆమెతో పెనం వేడి చేయించుకుంది. ఆ రోజు పోసవ్వకు నవ్వుతో పొలమారింది.

ఆ రోజుల్లోనే సంగీత జమునకు తెలుగు అక్షరాలు నేర్పింది. అరుగు మీది దుమ్ములో వేలితో రాసి చూపేది. మరాఠీ తెలిసిన మనిషికి తెలుగు ఎంతసేపు. కొన్నాళ్లకే జమున బస్టాండులో నిలబడి, వస్తున్న బస్సు మీద నస్రుల్లాబాద్ అని ఉన్నదాన్ని కూడబలుక్కుని, వెంకట్రాములు వైపు తిరిగి చూసింది. అతను నవ్వి, ఇగ నన్ను నువ్వే తోలుకపో అన్నాడు.

అరుగు ఒక్కరోజులో ఖాళీ కాలేదు. బుజ్జమ్మ ఇంట్లోకి టీవీ వచ్చింది. మధ్యాహ్నం సీరియళ్లు మొదలయ్యాయి. చాట ఒళ్లో పెట్టుకుని అక్కడే చుట్టుకోవటం మొదలుపెట్టింది. కార్ఖానా నెలలో కొన్ని రోజులే ఆకు ఇవ్వసాగింది. సంగీతకు పిట్లంలో సంబంధం కుదిరి వెళ్లిపోయింది. ప్రకాష్ పుస్తకాలన్నీ తూకానికి అమ్మేసి, దుకాణంలో సీడీలు కిరాయికి ఇచ్చాడు. తర్వాత సీడీలూ తీసేసి ఫోన్లకు రీఛార్జి చేయటం మొదలుపెట్టాడు. జమున అటు పోయినప్పుడు, మేఘ్‌వీర్ అమ్మకానికి పోయిండు అక్కా అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఆమె కూడా నవ్వింది గానీ, ఒక్కటైనా దాచుకోవాల్సిందని ఇంటికి వచ్చాక అనిపించింది.

చివరికి అరుగు మీద ఇద్దరే మిగిలారు. పోసవ్వకు చూపు తగ్గింది. కళ్లతో పనిలేని చేతులు కాబట్టి చుట్టటం ఆపలేదు. జమున కథ చెప్పకపోయినా ఆమె అడిగేది కాదు. ఇద్దరూ ఊరకే కూర్చునేవాళ్లు. రెండువేల నాలుగు ఎండాకాలంలో పోసవ్వ పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. జమునా బుజ్జమ్మా దగ్గరుండి అన్నీ చేశారు. ఆ ఇల్లు దూరపు చుట్టమెవరో అమ్ముకున్నాడు. కొన్నవాళ్లు అరుగు తీసేసి షట్టరు పెట్టారు.

రెండువేల ఏడులో, వానాకాలం మొదట్లో, జమున పిట్లం పోయింది. సంగీతకు ఒంట్లో బాగుండటం లేదని విని చూసి రావటానికి పోయింది. జబ్బేమీ పెద్దది కాదు, లేచి తిరుగుతూనే ఉంది. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. ఆమె కూతురు వైశాలి టీవీ ముందు కూర్చుని బొమ్మల సినిమా చూస్తోంది. ఆకాశంలోంచి ఎవడో ఎగురుతూ వచ్చాడు.

సంగీత మిషను ఆపి అటు చూసింది. వీళ్లంతా మన మేఘ్‌వీర్ కాలిగోటికి కూడా సరిపోరు అక్కా అంది. పాత రోజులు ముచ్చట్లోకి వచ్చాయి. బుజ్జమ్మ తగువు, చేప తలోడు, మంటలామె చుట్టపుచూపు, పోసవ్వ పొలమారటం. ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. సంగ్రామం పుస్తకాలు చదువుతూ జమున మొహం ఎట్లా పెట్టేదో సంగీత అనుకరించి చూపింది.

"ఎంత సతాయించినా ఆఖరుకు మంచిగనే అచ్చేసిండ్రు గద అక్కా," అంది సంగీత, సూదిలో దారం ఎక్కిస్తూ. "మనం కార్డు రాసినంక. దవాఖానల ఆయమ్మ, మీ నాయిన ఒక్కడే పోలేదన్నమాట అంటది చూడు. ఆ పేజీ నాకిప్పటికీ కండ్లల్ల కనవడ్తది."

జమున చేతిలో చాయ్ గ్లాసు ఉంది. అట్లా అచ్చయిన పేజీ ఏదీ లేదని ఆమె నోటిదాకా వచ్చింది. సంగీత మొహం చూసింది. ఆ మొహంలో అనుమానమే లేదు.

"బొమ్మల ఎట్లున్నది ఆయి? నాకు సరిగ యాదికి లేదు," అంది జమున.

"మంచం మీద కూసున్నది. పసుపు చీర. ఆకుపచ్చ అంచు." సంగీత ఏమాత్రం తడుముకోలేదు. "కిటికీల నుంచి వెలుగు పడుతుంటది మొహం మీద. నవ్వుతలేదు గానీ నవ్వినట్టే ఉంటది."

జమున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టింది. పసుపు చీర అన్నది తాను ఎప్పుడూ చెప్పలేదు. బాగుంది అనుకుంది.

సాయంత్రం సంగీతా వైశాలీ బస్టాండుదాకా వచ్చారు. చినుకులు పడుతున్నాయి. బాన్సువాడ బస్సు రాగానే జమున బోర్డు చదువుకుని ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంగీత కిటికీ దగ్గరికి వచ్చి, బుజ్జమ్మ వదినను అడిగినట్టు చెప్పుమంది, మళ్లీ ఎప్పుడొస్తవని అడిగింది. పంట కోతలయ్యాక వస్తానంది జమున. బస్సు కదిలింది. రోడ్డుకు రెండు వైపులా చెరకు తడిసి నల్లగా కనిపిస్తోంది. ముందు సీట్లో ఒక పసిపిల్ల తల్లి భుజం మీదినుంచి జమునను చూసి చెయ్యి చాపింది. జమున ఆ చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది. పిల్ల విడిచిపెట్టేదాకా పట్టుకునే కూర్చుంది.